క్లీకోలు భేష్, ప్లయర్లు దండగ
కర్నూలులో మా పిల్లోళ్లకు విమానం రేకుపని నేర్పేదానికి ఈ క్లీకోల సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించినా. అతుకు రేకును రివెట్లు కొట్టేదాకా కదలకుండా పట్టే స్ప్రింగు పిన్నులు ఇవే. వెండి రంగువి 3/32 అంగుళం రంధ్రానికి, రాగి రంగువి 1/8కి. రంగుల్లో తేడా రాలేదు, స్ప్రింగు గట్టిది. పాత సెస్నా విమానం ఫ్లాపు (రెక్క వెనకంచున కదిలే పలక) ముక్క మీద 2024-టీ3 అల్యూమినియం రేకు అతుకు పెట్టించినా, ఒక్క రంధ్రమూ పక్కకు జరగలేదు. రేకు అంచు నుంచి రంధ్రం నడిమికి రివెట్టు వ్యాసానికి రెండింతలన్నా ఉండాల. ఆ కొలత తప్పితే మాత్రం ఏ క్లీకో కాపాడదు. క్లీకోలను రంధ్రంలో పెట్టి తీసేదానికి సెట్టులో వచ్చిన ప్లయర్లే నాసిరకం. పిడి రబ్బరు అప్పుడే ఊడొచ్చె, మూతి జారుతా ఉంది. మన ఎండకు చేతులు చెమటపడితే ఇంక చెప్పేదేముంది! క్లీకోలకు నాలుగు స్టార్లు. ప్లయర్లు వేరేవి కొనుక్కోండి.