గంట ముందు పరిచయం, ఆ వెంటనే ఆల్బమ్: 'ఎ మీటింగ్ బై ది రివర్'

ఫ్యూజన్ అని పేరు పెట్టి అమ్మే ఆల్బమ్స్ చాలావరకు నాకు పడవు, ఒకరు వాయించింది ఒకచోట, ఇంకొకరు వాయించింది మరోచోట రికార్డు చేసి మధ్యలో కాస్త కీబోర్డు పూసి అతికించినట్టుంటాయి. ఇది ఆ బాపతు కాదు. మన విశ్వమోహన్ భట్, అమెరికన్ స్లయిడ్ గిటారిస్ట్ రై కూడర్ 1992 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఓ చర్చిలో కూర్చుని వాయించేశారు, అంతే. రిహార్సల్ లేదు, అసలు ఇద్దరూ ముఖాముఖి కలిసి రికార్డింగు మొదలయ్యేసరికి గంట కూడా కాలేదు.

భట్ గారి మోహన వీణ చూడ్డానికి గిటారే, కానీ కింద 12 తరప్ తీగలు (మీటకపోయినా పై తీగల స్వరానికి వాటంతటవే మోగేవి) ఉంటాయి, ఒళ్లో పెట్టుకుని కడ్డీ జార్చి వాయిస్తారు. కూడర్‌దీ స్లయిడే కాబట్టి ఇద్దరూ స్వరాన్ని సాగదీసే మనుషులే, అందుకే ఎవరు ఎక్కడ ఆపారో ఎవరు అందుకున్నారో ఒక్కోసారి పట్టుకోవడం కష్టం. గుర్తు ఒక్కటే, భట్ స్వరం ఆగాక కూడా వెనక సన్నగా ఓ మోత మిగులుతుంది. జుగల్‌బందీల్లో ఉండే సై అంటే సై ఇందులో లేదు, కూడర్ అయితే చాలాచోట్ల చెయ్యి తీసేసి వింటున్నాడేమో అనిపిస్తుంది. నాకు బాగా నచ్చింది అదే, అంత పేరున్న మనిషి ఊరుకోవడం మాటలు కాదు.

మొత్తం నాలుగే ట్రాకులు, సుమారు 40 నిమిషాలు. 'గాంజెస్ డెల్టా బ్లూస్' మూడోది, తబలాలో సుఖ్వీందర్ సింగ్ ఊపందుకునేది అక్కడే. చివరిది 'ఈసా లే', ఫిజీ వాళ్ల వీడ్కోలు పాట, రాగాలూ, బ్లూస్ (అమెరికన్ నల్లజాతి వాళ్ల సంగీతం) తెలియనివాళ్లు ముందు దీంతో మొదలుపెట్టినా ఏం పోదు. డంబెక్ అనే చేతి డ్రమ్ము వాయించింది కూడర్ కొడుకు యోయాకిమ్, అప్పటికి 14 ఏళ్లు, కుర్రాడు తడబడలేదు గానీ తబలా పక్కన ఆ డంబెక్ అవసరమా అని నాకు అక్కడక్కడా అనిపించింది. మొదటి రెండు ట్రాకులూ ఒకే నడకలో సాగుతాయి, స్పీడు కావాలనుకునేవాళ్లకు బోరు కొట్టొచ్చు.

1994లో గ్రామీ వచ్చింది, సరే. నన్ను అడిగితే సగం మార్కులు రికార్డింగుకే ఇస్తాను, వాటర్ లిలీ అకూస్టిక్స్ అనే రికార్డింగ్ సంస్థ వాళ్లు ట్యూబ్ (వాల్వు) పరికరాలతో అనలాగ్ టేపు మీద పట్టారు, తీగ మీద కడ్డీ రాసుకునే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం పెట్టకండి, ఆ తరప్ తీగల మోత మొత్తం ఎగిరిపోతుంది.