బీఎస్సీ న్యూరోసైన్స్ సీటుకు డబ్బు కట్టబోతున్నారా? ముందు టైమ్‌టేబుల్ అడగండి

బెంగళూరు శివార్లలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో మా చెల్లిని బీఎస్సీ న్యూరోసైన్స్‌లో చేర్పించాం. పేరు చెప్పను. ఇంటర్ అయిపోయి సీటు కోసం తిరుగుతున్నవాళ్లు మాత్రం ఇది చదివాకే ఫీజు కట్టండి.

బయాలజీ, సైకాలజీ, ఫిజిక్స్, కంప్యూటర్స్ అన్నీ కలిపి నేర్పిస్తామని బ్రోచర్‌లో రాశారు. మెదడు చదువు నిజంగా అలాగే ఉండాలి కూడా. నాడీకణంలో కరెంటు ఎలా పుట్టి ఎలా పాకుతుందో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద కొలిచి వివరించింది డిఫరెన్షియల్ ఈక్వేషన్లతోనే, దానికే 1963లో నోబెల్ వచ్చింది. ఇక్కడ ఆ పాఠం జువాలజీ మేడమ్‌కి అప్పజెప్పారు, ఆవిడేమో ఈక్వేషన్లు రాగానే "ఇవి పరీక్షకి రావులే" అని పేజీ తిప్పేశారట. ఆవిడని అని లాభం లేదు. జువాలజీ క్లాసులో కొన్ని గంటలు, సైకాలజీ క్లాసులో కొన్ని గంటలు కూర్చోబెట్టడమే వీళ్ల దృష్టిలో ఇంటర్‌డిసిప్లినరీ, ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో చెప్పే మనిషే లేడు. ప్రోగ్రామింగ్ అసలు లేదు. క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు చూపించిన ఈఈజీ మెషీన్ (మెదడులోని కరెంటు సంకేతాల్ని రికార్డు చేసేది) ఇంతవరకు ఆన్ చేయలేదు.

కాబట్టి బ్రోచర్ పక్కన పెట్టి సెకండియర్ టైమ్‌టేబుల్ అడగండి. ఏ పేపరు ఎవరు చెబుతున్నారు, వాళ్లలో న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేసినవాళ్లు ఎందరు, పిల్లలు స్వయంగా రికార్డు చేసిన డేటా ఏదైనా ఉందా అని అడగండి. నసిగితే లేచి వచ్చేయండి.

ఇంకో మాట, డిగ్రీ మీద న్యూరోసైన్స్ అని పేరుంటేనే తర్వాత దారి ఉంటుందని కౌన్సెలర్లు భయపెడతారు. అదేం లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీలోని న్యూరోసైన్స్ సెంటర్, హర్యానా మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ (జాతీయ మెదడు పరిశోధన కేంద్రం) రెండూ ఇంజినీరింగ్, ఫిజిక్స్ చదివినవాళ్లని కూడా తీసుకుంటాయి. మంచి కాలేజీలో మామూలు బీఎస్సీ చేసి, పక్కన పైథాన్, స్టాటిస్టిక్స్ నేర్చుకోవడం చాలా నయం, ఖర్చూ తక్కువ.

ఇప్పటికే చేరి ఇరుక్కున్నవాళ్లు ఆలస్యం చేయకండి. 2018లో యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు మానేస్తే 80 శాతం, 30 రోజుల్లోపు అయితే 50 శాతం ఫీజు వెనక్కివ్వాలి, ఆ తర్వాత పైసా రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకునే హక్కు కూడా వాళ్లకి లేదు. మా చెల్లి టెన్త్ మెమో ఇంకా వాళ్ల ఆఫీసులోనే ఉంది, రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకున్నాం, ఇవ్వకపోతే యూజీసీకి ఫిర్యాదు పెడుతున్నాం.