అణు ఒప్పందమా, ఆంక్షల ఒత్తిడా, ఇరుగుపొరుగు రాజీయా: గల్ఫ్‌కు ఏది మేలు?

2016 జనవరి మొదటి పదహారు రోజుల్ని వరసగా చదువుకుంటే ఈ కథంతా అందులోనే దొరుకుతుంది. 2న సౌదీ అరేబియా షియా మతగురువు నిమ్ర్ అల్ నిమ్ర్‌కు మరణశిక్ష అమలు చేసింది. ఆ రాత్రి టెహ్రాన్‌లో ఓ గుంపు సౌదీ రాయబార కార్యాలయంలోకి చొరబడి నిప్పు పెట్టింది. 3న రియాద్ ఇరాన్‌తో సంబంధాలు తెంచుకుంది. 12న దారితప్పి ఇరాన్ జలాల్లోకి వచ్చిన పదిమంది అమెరికా నావికుల్ని ఇరాన్ సైనిక విభాగమైన రివల్యూషనరీ గార్డులు పట్టుకున్నారు. అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ, ఇరాన్ విదేశాంగ మంత్రి జవాద్ జరీఫ్ ఫోన్లో మాట్లాడుకున్నారు. మర్నాటికల్లా ఆ నావికులు విడుదలయ్యారు. 16న, అంతకుముందు ఏడాది ఇరాన్‌తో కుదిరిన అణు ఒప్పందం అమల్లోకి వచ్చింది, ఆంక్షలు సడలాయి.

ఇరాన్‌కు ఎక్కడో ఉన్న అగ్రరాజ్యంతో ఫోన్ చేసి చిక్కు విప్పుకునేంత చనువు ఏర్పడింది. నీళ్లకు ఆవలి ఒడ్డునే ఉన్న పొరుగుదేశంతో మాటలే పోయాయి. రెండూ ఆ పక్షం రోజుల్లోనే.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మా ఉత్తర తెలంగాణలో గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. కడప వైపు కువైట్ పేరు ఎక్కువ వినబడుతుంది. ఆ ఒడ్డున రాయబారులు వెనక్కి వెళ్లారంటే, ఈ ఒడ్డున ఎన్నో ఇళ్లలో రాత్రి నిద్ర ఉండదు. అందుకే నేను ఇరాన్‌తో వ్యవహరించిన మూడు దారుల్నీ ఒకే కొలతతో చూస్తున్నాను. బాంబు ఎంత దూరం జరిగింది అన్నది ఒక్కటే కాదు, పక్కపక్కన ఉండేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలిగారా అన్నది కూడా.

మొదటిది 2015 దారి. దానికి బీజం ఒమన్‌లో పడింది. సుల్తాన్ ఖాబూస్ చొరవతో మస్కట్‌లో అమెరికా, ఇరాన్ అధికారులు గుట్టుగా కలిశారు. 2013 నవంబరులో జెనీవాలో తాత్కాలిక ఒప్పందం, 2015 జులై 14న వియన్నాలో పూర్తి ఒప్పందం. ఒకవైపు ఇరాన్, మరోవైపు భద్రతామండలి శాశ్వత సభ్యులైదుగురూ, జర్మనీ, యూరోపియన్ యూనియన్. ఇరాన్ యురేనియాన్ని 3.67 శాతానికి మించి శుద్ధి చేయకూడదు. నిల్వ 300 కిలోలు దాటకూడదు. యురేనియాన్ని శుద్ధి చేసే పంతొమ్మిది వేల చిల్లర సెంట్రిఫ్యూజు యంత్రాల్లో 6,104 మాత్రమే మిగలాలి. బాంబుకు పనికొచ్చే ప్లుటోనియం తయారు చేయగల అరాక్ రియాక్టర్ గర్భంలో కాంక్రీటు పోయాలి. బాంబుకు సరిపడా ముడిసరుకు సమకూర్చుకోవడానికి అంతకుముందు రెండు మూడు నెలలు చాలనుకునేవారు. ఒప్పందంతో ఆ గడువు ఏడాదికి పెరిగింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు లోపలికి వెళ్లి చూసి, ఇరాన్ మాట నిలబెట్టుకుంటోందని పదేపదే నివేదిక ఇచ్చారు. బాంబు విషయంలో దీనికి సాటివచ్చే పని మరొకటి జరగలేదని నా గట్టి నమ్మకం.

ఒప్పందం, దాంతో వచ్చిన ఆంక్షల సడలింపు దౌత్యాన్ని కూడా కదిలించాయి. 2015 అక్టోబరులో సిరియా చర్చలకు ఇరాన్‌ను మొదటిసారి పిలిచారు. సడలింపు వచ్చిన వారంలోనే చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ టెహ్రాన్‌లో దిగారు. మే నెలలో మోదీ వెళ్లి అఫ్గానిస్థాన్‌తో కలిసి ఇరాన్‌లోని చాబహార్ రేవు ఒప్పందం చేసుకొచ్చారు. నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపించేది చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ గది. ఇరాన్ చమురు మళ్లీ మార్కెట్లోకి రావడంతో, ఇరాన్ కూడా ఉత్పత్తి కట్టడికి ఒప్పుకోవాలని సౌదీ పట్టుబట్టింది. 2016 ఏప్రిల్లో దోహా సమావేశం దానిమీదే విరిగిపోయింది. కానీ నవంబరు 30న వియన్నాలో రాజీ కుదిరింది. మిగతావాళ్లలో చాలామంది ఉత్పత్తి తగ్గించుకున్నారు, ఇరాన్‌కు కొంచెం పెంచుకునే వెసులుబాటు దక్కింది. రెండు దేశాల మధ్య రాయబార కార్యాలయాలు లేని రోజుల్లో జరిగిన రాజీ ఇది. అమ్ముకోవడానికి సరుకు, పోగొట్టుకోవడానికి లాభం ఉంటేనే బేరమాడటానికి మనిషి కూర్చుంటాడు. ఆంక్షల కింద నలిగే దేశానికి ఆ కుర్చీయే ఉండదు.

మరి లోపం ఎక్కడ? గట్టు తగాదాలో పైఊరి పెద్దమనుషులు పంచాయతీ చేసి, ఆ గట్టును ఆనుకుని పొలమున్న రైతుల్ని పిలవకపోతే ఎలా ఉంటుందో అలా అయింది. సౌదీ లేదు, ఎమిరేట్స్ లేదు, ఇజ్రాయెల్ లేదు. క్షిపణుల ఊసు లేదు, ఇరాన్ అండ ఉన్న సాయుధ దళాలు, లెబనాన్‌లోని హిజ్బుల్లా, యెమెన్‌లోని హౌతీల ఊసు లేదు. అన్నీ కలిపితే అసలు ఏదీ తెగదని చర్చించినవాళ్లు భయపడ్డారు. ఆ భయంలో నిజం ఉంది. కానీ 2015 మార్చిలోనే యెమెన్‌లో హౌతీల మీద సౌదీ యుద్ధం మొదలై ఉంది. ఇరాన్ చేతికొచ్చే ప్రతి డాలరూ తమ సరిహద్దుకే ఎక్కుపెడతారని రియాద్ అనుకుంది. ఆ ఏడాది మే నెలలో ఒబామా క్యాంప్ డేవిడ్‌కు గల్ఫ్ పాలకుల్ని పిలిస్తే సౌదీ రాజు సల్మాన్ తాను రాకుండా వారసుల్ని పంపారు. ఆ గైర్హాజరీ చెప్పాల్సింది చెప్పింది.

రెండోది 2018 దారి. మే 8న ట్రంప్ ఒప్పందంలోంచి బయటికొచ్చారు, ఆగస్టులో, నవంబరులో ఆంక్షలు రెండు విడతలుగా తిరిగొచ్చాయి. ‘గరిష్ఠ ఒత్తిడి’ అని పేరు పెట్టారు. మనకు మూడో పెద్ద చమురు సరఫరాదారుగా ఉన్న ఇరాన్ నుంచి 2019 మేలో అమెరికా ఇచ్చిన మినహాయింపు గడువు ముగియగానే కొనుగోళ్లు ఆగిపోయాయి. గతంలో ఆంక్షలున్నప్పుడు యూకో బ్యాంకు ద్వారా రూపాయల్లో చెల్లించి, ఆ రూపాయలతో ఇరాన్ మన బియ్యం కొనుక్కునే ఏర్పాటు ఉండేది. ఆ దారీ ఎండిపోయింది.

ఒత్తిడికి ఇరాన్ లొంగలేదు. 2019 మే నెలలో ఎమిరేట్స్‌లోని ఫుజైరా దగ్గర నాలుగు నౌకలు దెబ్బతిన్నాయి, జూన్‌లో ఒమన్ సింధుశాఖలో మరో రెండు. జులైలో స్టెనా ఇంపెరో అనే ట్యాంకర్‌ను ఇరాన్ పట్టుకుంది. అందులోని 23 మంది సిబ్బందిలో 18 మంది భారతీయులే. సెప్టెంబరు 14న అబ్‌కైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద డ్రోన్లు, క్షిపణులు పడి సౌదీ ఉత్పత్తి రాత్రికి రాత్రి సగానికి పడిపోయింది. ఇరాన్ తన చేయి లేదంది. సౌదీ, అమెరికా ఆ మాట నమ్మలేదు. 3.67 శాతం దగ్గర ఆగిన శుద్ధి 2021 ఏప్రిల్‌కల్లా 60 శాతానికి చేరింది. 2022 జనవరిలో హౌతీలు అబుధాబి మీద జరిపిన దాడిలో పోయిన ముగ్గురిలో ఇద్దరు మన దేశపు కార్మికులు.

ఈ దారిని సమర్థించేవాళ్లు ఒక మాట అంటారు, దాన్ని తీసిపారేయలేను. ఆ దెబ్బలు తిన్నాకే కదా గల్ఫ్ దేశాలు ఇరాన్‌తో మాటలకు దిగాయి? నిజమే. అబ్‌కైక్ మండినా వాషింగ్టన్ ఇరాన్ మీద ఎదురుదాడి చేయలేదు. తమ కోసం ఎవరూ యుద్ధం చేయరని రియాద్‌కు ఆరోజు అర్థమైంది. అంతకుముందే, జులైలోనే, ఎమిరేట్స్ తీరరక్షక దళ అధికారుల్ని టెహ్రాన్ పంపింది. కానీ ఇల్లు కాలాక బావి తవ్వడం నేర్చుకున్నారని నిప్పుకు దండం పెట్టలేం. ఇరాన్‌ను వంచడానికి తెచ్చిన విధానం దాన్ని వంచకుండా దాని పొరుగువాళ్లను భయపెట్టింది. మూడింటిలో నాకు ఎంతమాత్రం సమ్మతం కానిది ఇదే.

మూడోది 2023 దారి, ఇరుగుపొరుగు రాజీ. 2021 ఏప్రిల్ నుంచి ఇరాక్ ప్రధాని ముస్తఫా అల్ కాదిమీ బాగ్దాద్‌లో రెండు పక్షాలనూ కూర్చోబెట్టారు, ఒమన్ కూడా చేయి వేసింది. 2023 మార్చి 10న బీజింగ్‌లో ఇరాన్ తరఫున అలీ షంఖానీ, సౌదీ తరఫున ముసాద్ అల్ ఐబాన్ సంతకాలు చేశారు. రెండు నెలల్లో రాయబార కార్యాలయాలు తెరవాలన్నారు, 2001 నాటి భద్రతా సహకార ఒప్పందాన్ని మళ్లీ బయటికి తీశారు. నెల తిరక్కుండానే సౌదీ ప్రతినిధులు ఒమన్ మధ్యవర్తులతో కలిసి హౌతీలతో మాట్లాడటానికి యెమెన్ రాజధాని సనా వెళ్లారు. వియన్నా ఒప్పందం ముట్టుకోని యెమెన్ ఇక్కడ కదిలింది.

దీనికీ ఓ అవిటితనం ఉంది. అమెరికా ఆంక్షలు అలాగే ఉన్నాయి కాబట్టి సౌదీ పెట్టుబడి ఇరాన్‌లోకి రాలేదు. మాట ఉంది, వ్యాపారం లేదు. యురేనియం సంగతి ఈ కాగితాల్లో లేదు, నిల్వ పెరుగుతూనే పోయింది.

బాంబును ఆపడమే మీ లెక్క అయితే 2015ను మించింది లేదు, మారు ఆలోచన అక్కర్లేదు. ప్రాంతం మొత్తాన్ని చూస్తే నేను 2023 వైపే మొగ్గుతాను, ఎందుకంటే అక్కడ సంతకం పెట్టినవాళ్లే రేపు పక్కపక్కన బతకాల్సినవాళ్లు. వాషింగ్టన్‌లో అధ్యక్షుడు మారితే చెరిగిపోయే సంతకం కాదది. అన్నిటికంటే మేలైనది మాత్రం ఇంతవరకు ఎవరూ ప్రయత్నించనిది: ముందు పొరుగువాళ్లు కూర్చోవడం, ఆ గదిలోనే అణు షరతులు, ఆంక్షల సడలింపు విడతలవారీగా కలవడం. మస్కట్‌కు ఆ పని తెలుసు. 2025 ఏప్రిల్లో అమెరికా, ఇరాన్ చర్చలు మళ్లీ మొదలైంది అక్కడే. ఈసారి గల్ఫ్ రాజధానులు అవి కుదరాలని కోరుకున్నాయి. అదే నెలలో సౌదీ రక్షణమంత్రి ఖాలిద్ బిన్ సల్మాన్ టెహ్రాన్ వెళ్లి ఇరాన్ అప్పటి సర్వోన్నత నేత ఖమేనీని కలిశారు.

జూన్ 13న ఇజ్రాయెల్ దాడి మొదలైంది. ఆ రోజు సౌదీ విదేశాంగ శాఖ దాడిని ఖండిస్తూ ఇరాన్‌ను ‘సోదర దేశం’ అని పిలిచింది. 22న అమెరికా బాంబులు ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద పడ్డాయి. 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా సైనిక స్థావరం అల్ ఉదైద్ మీదికి ఇరాన్ క్షిపణులు వచ్చాయి. ఖతార్ ఆకాశం మూసేశారు. ఇక్కడి ఇళ్లలో ఫోన్లు కలవక, కలిసినా గొంతు వినేదాకా ప్రాణం కుదుటపడక ఆ రాత్రి గడిచింది. మర్నాడు కాల్పుల విరమణ. ఆ జూన్‌లో సౌదీ గానీ ఎమిరేట్స్ గానీ టెహ్రాన్ నుంచి రాయబారిని వెనక్కి పిలవలేదు.