సుంకం తగ్గితే మేలా, గేటు తెరిస్తే మేలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పిడికెడు పత్తి తీసి పింజ లాగి చూసే వ్యాపారికి, రెండు దేశాల దోస్తీ అంటే ధరే.

శ్రీలంకతో మనది సుంకాల దారి. సుంకాలు తగ్గించుకునే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద 1998లో సంతకాలు, 2000లో అమలు. రేటు కాగితం మీద ఉంటుంది, ఎగుమతిదారు ముందే లెక్కేసుకుంటాడు.

బంగ్లాదేశ్‌తో కథ వేరు. పెట్రాపోల్–బెనాపోల్ సరిహద్దు గేటు, రైళ్లు, 2023 జులై నుంచి రూపాయల్లో చెల్లింపులు. సరుకు తొందరగా చేరుతుంది, నిజమే. కానీ గేటు మూయడానికి ఒక్క ఉత్తర్వు చాలు: 2025 ఏప్రిల్‌లో ఢాకా మన నూలును భూమార్గంలో రానివ్వనంది. ఓడలో పంపొచ్చు. ఆ ఆలస్యం, ఆ కిరాయి మిల్లు ఎవరి మీద వేస్తుంది? "గేటు మూస్తే మాకేంది" అనే రైతన్న మీదే.

నా మొగ్గు సుంకాల ఒప్పందానికే. మిర్చికి మాత్రం గేటే కావాలి, ఓడలో తేమ తగిలితే రంగు పోతుంది.