ముత్తాతకి భార్యలు ఇద్దరా, ఒకరేనా? మామ్మ మాట, శుభలేఖ, దస్తావేజు: ఏది మేలు?

మా ముత్తాతకి రెండు పెళ్ళిళ్ళని కంచరపాలెం మామ్మ అంటుంది. పెద్దావిడ అప్పలనరసమ్మ పురిట్లో పోతే నూకాలుని చేసుకున్నాడట. ఒక్కటే పెళ్ళని పెదనాన్న వాదన. వంశవృక్షం రాద్దామని కూర్చున్న నాకు అక్కడే పెన్ను ఆగింది.

ఎవరైనా మొదలుపెట్టేది పెద్దవాళ్ళ మాటతోనే. కాకపోతే ఒక్క ప్రశ్న తప్పకుండా వెయ్యాలి: చూశావా, విన్నావా? "మా యమ్మ సెప్పేది, నాకు తెల్దేటి" అంది మామ్మ. అంటే విన్న మాటే. పెళ్ళినాటికి తను పుట్టనేలేదు.

ట్రంకుపెట్టెలో శుభలేఖ దొరికింది. మూలలకి పసుపు, పైన సింహాద్రి అప్పన్న. చూడగానే నమ్మబుద్ధేస్తుంది. అయినా శుభలేఖ చెప్పేది జరగబోయే పెళ్ళి గురించి, జరిగిందని కాదు. తేదీతో ఇంకో తిప్పలు. విక్రమ నామ సంవత్సరం, మాఘమాసం అని ఉంది. విక్రమ అంటే 1940 ఉగాది నుంచి 1941 ఉగాది దాకా. మాఘం ఏడాది చివర్లో వస్తుంది కాబట్టి పెళ్ళి 1941లో. మా ఇంట్లో అందరూ 1940 అనే రాసుకున్నారు! అరవై ఏళ్ళ కిందట 1880లోనూ విక్రమే వచ్చింది కాబట్టి తిథికి వారం కలుస్తుందో లేదో కూడా చూసుకోవాలి. పెళ్ళికూతురు పేరు మాత్రం అప్పలనరసమ్మ.

చిక్కుముడి విప్పింది 1956 నాటి క్రయ దస్తావేజు. అందులో "నూకాలు అనబడే అప్పలనరసమ్మ" అని ఉంది. ఇద్దరు కాదు, ఒక్క మనిషే. ముత్తాత తల్లి పేరు కూడా అప్పలనరసమ్మే. విశాఖలో ఇంటికో అప్పలనరసమ్మ ఉంటుంది మరి. అత్తగారి పేరు పెట్టి కోడల్ని కేకెయ్యలేరు కదా, అందుకే కాపురానికి రాగానే పేరు మార్చేశారు.

నా ఓటు దస్తావేజుకే. అలాగని కళ్ళు మూసుకుని నమ్మమనను. సబ్ రిజిస్ట్రార్ సంతకం చేసిందెవరో చూస్తాడు గానీ పెళ్ళయిందా అని ఆరా తియ్యడు. "భార్య" అన్నది వాళ్ళు రాయించుకున్న మాటే. కానీ పేరు తేడా వస్తే రేపు ఆస్తికి పేచీ వస్తుందన్న భయంతో రెండు పేర్లూ రాయిస్తారు. అక్కడ అబద్ధమాడితే ఎవరికీ లాభం లేదు. అదే వాటాల తగువులో పుట్టిన కాగితమైతే జాగ్రత్త. మద్రాసు రాష్ట్రంలో 1949 చట్టం, ఆ తర్వాత 1955 హిందూ వివాహ చట్టం రెండో పెళ్ళిని అడ్డుకున్నాయి. ఆ తర్వాతి కాగితాల్లో "భార్య" అని ఉన్నంతమాత్రాన చట్టప్రకారం భార్య అనుకోలేం.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. పాతవాటికి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి పేర్ల ఇండెక్సు వెతికించుకోవాలి. క్రయ దస్తావేజుల పుస్తకం ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. వీలునామా నకలు మాత్రం రాసినవాళ్ళు పోయాకే బయటివాళ్ళకిస్తారు.

దస్తావేజు చదివి వినిపిస్తే మామ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పురిట్లో పోయిందెవరేటి?" అంది.