ఖోర్సాబాద్ వృషభాల కోసం లండన్, పారిస్

అస్సిరియా చక్రవర్తి రెండవ సార్గోన్ క్రీ.పూ. 717 ప్రాంతంలో నేటి ఇరాక్‌లోని ఖోర్సాబాద్ వద్ద కొత్త రాజధానికి, రాజప్రాసాదానికి పూనుకున్నాడు. 706లో ప్రవేశోత్సవం జరిగింది; మరుసటి ఏడే ఆయన యుద్ధంలో మరణించగా, కొడుకు సెన్నాఖెరిబ్ రాజధానిని నినెవెకు మార్చాడు. 1843లో ఫ్రెంచి కాన్సల్ బొట్టా తవ్వకాలు మొదలుపెట్టిన ఆ ప్రాసాదపు ద్వారపాలకులు, అంటే మనిషి తల, రెక్కలు గల వృషభాలు, నేడు పలు దేశాలలో ఉన్నాయి. వాటిలో లండన్, పారిస్‌లలో ఉన్నవాటిని ఒకే ప్రయాణంలో చూడాలని అమ్మతో కలిసి బయలుదేరాను.

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికి నడక దూరంలో, రసెల్ స్క్వేర్ పక్క వీధి హోటల్‌లో మూడు రాత్రులు ఉన్నాము. గది శుభ్రంగానే ఉంది గాని లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు మూడో అంతస్తు ఎక్కడం చాలా కష్టమైంది. పెద్దవారితో వెళ్లేవారు గది తీసుకునే ముందే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. శాకాహారులకు యూస్టన్ దగ్గరి డ్రమండ్ స్ట్రీట్‌లో దోసెలు దొరుకుతాయి.

మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అక్కడి వృషభానికి ఐదు కాళ్లు: ఎదురుగా నిలబడితే అది కదలక కాపు కాస్తున్నట్టు, పక్కకు వస్తే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఒకదాని పీఠంపై గీసి ఉన్న ఇరవై గళ్ల ఆటపటం. కాపలావారు పొద్దుపోక గీసుకున్నదని చెబుతారు. మన గుడి మండపాల బండల మీద పులిజూదం గీతలు చూసి పెరిగిన అమ్మ, పలక చదవకముందే అది ఆటేనని చెప్పింది. దగ్గరి గదిలోని, అస్సిరియా రాజు అషుర్‌బనిపాల్ సింహాల వేట శిల్పాలు నినెవెవి. బాణాలు దిగి, వెనుక కాళ్లు చచ్చుబడినా ముందుకు ఈడ్చుకుపోతున్న ఆడసింహాన్ని తప్పక చూడండి.

పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ దగ్గర దిగాము. రైలుకు, లా షపెల్ తమిళ భోజనశాలలకు సౌకర్యమే, కానీ రాత్రి వీధి సందడి ఎక్కువ. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. టికెట్టు సమయంతో సహా ముందే తీసుకోవాలి. జనమంతా మోనాలిసా వైపు వెళతారు కనుక రిషెలియూ భాగంలోని ఖోర్సాబాద్ ప్రాంగణంలో కాస్త నెమ్మది ఉంటుంది. ఒక్క చోటికే వీలైతే ఇక్కడికే రమ్మంటాను. గాజు పైకప్పు కింద, పగటి వెలుగులో, నాలుగు మీటర్లకు మించిన వృషభాల మధ్య నడుస్తుంటే రాజద్వారం ఎంతటిదో తెలుస్తుంది. 1855లో ఖోర్సాబాద్ శిల్పాలతో వస్తున్న పడవలు ఇరాక్‌లోని ఖుర్నా వద్ద నదిలో మునిగి, చాలా పెట్టెలు దక్కకుండా పోయాయి. మిగిలిన ఈ వృషభాల కాళ్ల నడుమ, ప్రాసాదానికి హాని తలపెట్టేవారిని శపిస్తూ సార్గోన్ చెక్కించిన అక్షరాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి.