సంతకమున్న చిన్న ప్రింటా, సంతకం లేని పెద్దదా: ఏది మేలు?

గాంధీజీ రాట్నం దగ్గర కూర్చుని కాగితాలు చదువుకుంటున్న ఫొటో అంటే కర్నూలులో ఉండే మా మేనల్లుడికి ప్రాణం. 1946లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ తీసిన ఫొటో అది. ముందు రాట్నం తిప్పడం నేర్చుకోవాలని ఆమెకు షరతు పెట్టారు. దాని ప్రింటును ఒకరు వాడికి అమ్మజూపారు: మొత్తం 250 ప్రింట్ల వరుసలో 47వది, 1985 ముద్రణ, ఆమె స్వయంగా చేసిన సంతకం. ఫోనులో వినగానే ఆగమన్నాను. బర్క్-వైట్ 1971లోనే కన్నుమూశారు.

అందుకే ముందు తారీఖులు చూడాలంటాను. ఫొటోగ్రాఫర్ పోయాక తీసిన ప్రింటు మీద వారసుల ముద్ర ఉండవచ్చు, సంతకం ఉండదు. ఆ ముద్ర ఉన్నది తక్కువదేమీ కాదు, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే నిశ్చింతగా కొనవచ్చు. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమాయ్ వ్యారవల్లా 2012 వరకు జీవించారు కనుక ఆమె సంతకమంటే కనీసం పరిశీలించదగ్గ మాట.

ఇక సంఖ్య సంగతి. 250 అన్నది ఒక్క కొలతకే కావచ్చు, అదే ఫొటోకు మరో కొలతలో మరో వరుస ఉండవచ్చు. అన్ని కొలతలూ కలిపి ఎన్నో రాతపూర్వకంగా అడగండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని తీసి, తర్వాత దశాబ్దాల పాటు తన చేత్తో 1,300కు పైగా ప్రింట్లు తీశాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశాన్ని ఇంకా నల్లగా చేస్తూ వచ్చాడు. అన్ని ఉన్నా వాటికోసం నేటికీ పోటీపడతారు. నా లెక్కలో సంఖ్య కన్నా చెయ్యి ముఖ్యం.

నా దగ్గర సంతకమున్న ప్రింటు ఒక్కటే ఉంది, అరచేతులు రెండూ కలిపినంత. దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిల్ గీత సన్నగా మెరుస్తుంది, కాగితం నొక్కుకుపోయిన జాడ కనిపిస్తుంది. అచ్చువేసిన సంతకమైతే భూతద్దంలో చుక్కలు చుక్కలుగా తేలిపోతుంది.

మన సీమలో ధాత కరువని చెప్పుకునే 1876-78 నాటి కరువును మద్రాసు రాజధానిలో హూపర్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఫొటోలు తీశాడు. అలాంటి వాటి విషయంలో ఆనాటి ప్రింటా, ఈనాటి నకలా అన్నదొక్కటే ప్రశ్న.

గోడకైతే సంతకం లేని పెద్దదే మేలని గట్టిగా చెబుతాను. మన ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి, పడమటి కిటికీ ఎదురుగా వేలాడే ఏ ప్రింటైనా వెలిసిపోతుంది. ఇంకో బాధ కూడా పడ్డాను: ఫ్రేము కట్టే అతను ఒక మంచి ప్రింటును జిగురుతో అట్టకు అంటించేశాడు. ఇక అది ఊడిరాదు. సంతకమున్నదాన్ని ఆమ్లం లేని అట్టల మధ్య పెట్టెలో ఉంచాలి, ఫ్రేము కట్టిస్తే మూలల దగ్గర మాత్రమే నిలిచేలా కట్టించాలి.

మేనల్లుడు చివరికి సంతకం లేని పెద్ద గాంధీని తూర్పు గదిలో, ఎండ తగలని గోడకు తగిలించుకున్నాడు. మిగిలిన డబ్బు కదపలేదు. ఇప్పుడు జీవించి ఉన్న ఫొటోగ్రాఫర్లు స్వయంగా సంతకం చేసి ఇచ్చే చిన్న ప్రింట్ల కోసం ఇద్దరం కలిసి వెతుకుతున్నాం.